పేరు చివర్న చదవండి: పాత ఇంగ్లీషు గ్రాండ్‌ఫాదర్ క్లాక్‌ని చూసి కొనడం, ఇంట్లో నిలబెట్టడం

నేను కొన్న మొదటి గ్రాండ్‌ఫాదర్ క్లాక్ (నేల మీద నిలబడే నిలువెత్తు లోలకం గడియారం) డయల్ మీద ఒక పేరు, దాని కింద లండన్ అని చెక్కి ఉన్నాయి. ఆ పేరు తయారీదార్ల జాబితాలో 1740 దగ్గర దొరికింది. ఇంకేం, డబ్బులిచ్చి ఇంటికి తెచ్చేశాను. నెల తర్వాత రిపేర్ చేసే ఒక పెద్దాయన వచ్చి పై పెట్టె తీసి, టార్చి వేసి, మెషిన్ కింద ఉన్న చెక్క పలక వైపు వేలు చూపించి నవ్వాడు. మెషిన్ ఒకచోటిది, పెట్టె ఇంకోచోటిది, రెండింటికీ మధ్య డెబ్బై ఎనభై ఏళ్ల తేడా. అమ్మినవాళ్లు అబద్ధం చెప్పారని కూడా అనలేను, ఎందుకంటే నేను అడిగింది ఒక్క పేరు గురించే.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: పేరు చివర్న చదువుతాను. ముందు చెక్క, తర్వాత మెషిన్, తర్వాత డయల్, ఆఖర్న పేరు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకి ఇది మరీ పనికొస్తుంది. ఇళ్లు చిన్నవైపోయి, పాత చెక్క సామాను మీద మోజు తగ్గిపోయి, ఒకప్పుడు వేలు పలికిన గడియారాలు ఊళ్లలోని వేలంపాటల్లో కొన్ని వందల పౌండ్లకే పోతున్నాయి. చవగ్గా వస్తోంది కదా అని చూడకుండా కొంటే మాత్రం నా గతే.

ముందు కొంచెం చరిత్ర

హాలండ్‌లో క్రిస్టియాన్ హైగెన్స్ 1656లో లోలకంతో గడియారం నడిపించాడు. హేగ్‌లో సాలమన్ కోస్టర్ దగ్గర ఆ పని నేర్చుకున్న జాన్ ఫ్రోమాంటీల్ లండన్‌కి తిరిగొచ్చాక, 1658లో అతని తండ్రి అహాస్యురస్ ఫ్రోమాంటీల్ ఈ కొత్తరకం గడియారాలు మా దగ్గర దొరుకుతాయని పత్రికలో ప్రకటన వేశాడు. అప్పటి లోలకాలు పొట్టివి, బాగా వెడల్పుగా ఊగేవి. 1670 ప్రాంతంలో లంగరు ఆకారంలో ఉండే ఎస్కేప్‌మెంట్ (చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగం) వచ్చింది. దాన్ని కనిపెట్టింది విలియం క్లెమెంటా, రాబర్ట్ హుక్కా, జోసెఫ్ నిబ్బా అనేది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు, మనకీ అక్కర్లేదు. మనకి కావాల్సిందల్లా దీనివల్ల లోలకం కొద్ది డిగ్రీలే ఊగితే సరిపోయింది, అందుకే దాన్ని పొడవుగా చేయగలిగారు. సుమారు 994 మిల్లీమీటర్ల లోలకం ఒక వైపు నుంచి ఇంకో వైపుకి సరిగ్గా ఒక సెకనులో వెళ్తుంది. అది అటూ ఇటూ తగలకుండా ఆడటానికి, బరువులు వారం పాటు కిందికి దిగడానికి సన్నగా పొడుగ్గా ఉన్న పెట్టె కావాలి. గ్రాండ్‌ఫాదర్ క్లాక్ అన్న పేరు చాలా తర్వాత, 1876లో వచ్చిన ఒక అమెరికన్ పాట వల్ల స్థిరపడింది. ఇక్కడి వ్యాపారులు లాంగ్‌కేస్ అనే అంటారు, మీరూ అలా అడిగితే కాస్త తెలిసినవాడే అనుకుంటారు.

మొదటి పని: పై పెట్టె తీయించండి

టార్చి, టేపు, ఫోన్ పట్టుకెళ్లండి. డయల్ చుట్టూ ఉండే పై పెట్టెని హుడ్ అంటారు. మామూలుగా అది ముందుకి జారి వచ్చేస్తుంది. 1700కి ముందువి కొన్ని పైకి లేస్తాయి. "కొంచెం హుడ్ తీసి చూపిస్తారా" అని అడగండి. వద్దంటే ఆ గడియారాన్ని అక్కడే వదిలేయండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

హుడ్ తీయగానే అందరి కళ్లూ డయల్ మీదకి పోతాయి. మీరు మాత్రం పక్కకి వెళ్లి మెషిన్ దేనిమీద కూర్చుందో చూడండి. పెట్టె రెండు పక్కల చెక్కలూ పైకి కొంచెం పొడుచుకుని వస్తాయి, వాటి మీద అడ్డంగా ఒక పలక, ఆ పలక మీద మెషిన్. ఈ పలకని సీట్‌బోర్డ్ అంటారు. గడియారం జాతకం అంతా ఇక్కడే ఉంటుంది.

మెషిన్ వేరు, పెట్టె వేరు అయితే దాన్ని ఇక్కడి వ్యాపారులు పెళ్లి అంటారు. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్న సామెత మనదే అయినా, అమలు చేసింది మాత్రం వీళ్లేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి. వేరే మెషిన్ తెచ్చి పెడితే డయల్ మధ్యభాగం హుడ్ అద్దానికి సరిగ్గా రాదు. పైకో కిందికో జరపాలి. అందుకని పక్క చెక్కల మీద కొత్త ముక్కలు అతికిస్తారు, లేదా ఉన్నదాన్ని కోస్తారు. రంగు వేరుగా ఉన్న ముక్క, కొత్త రంపపు గాటు, మేకు బదులు ఈకాలం స్క్రూ కనిపిస్తే ఎందుకని అడగండి. సీట్‌బోర్డ్‌లో అక్కర్లేని బెజ్జాలున్నాయా చూడండి, తాళ్లు దిగే రంధ్రాలు రెండు జతలుంటే దాని మీద ఇంతకుముందు ఇంకో మెషిన్ కాపురం చేసిందన్నమాట. అయితే పలక ఒక్కటే కొత్తది, మిగతావన్నీ సరిగ్గా ఉంటే కంగారు పడకండి. రెండు వందల ఏళ్లు ఆరేడు కిలోల బరువులు మోసిన పలక పుచ్చిపోయి మార్చారంటే సహజమే.

తర్వాత హుడ్‌ని మళ్లీ తొడిగి ఎదురుగా నిలబడండి. హుడ్ లోపలి చట్రం డయల్ అంచుని నాలుగు వైపులా సమానంగా కప్పాలి. అంకెల వలయం కొంత చట్రం కింద దాక్కున్నా, డయల్ అంచుకి చట్రానికి మధ్య ఖాళీ కనిపించినా పెళ్లే.

ఇక చెక్క. పల్లెటూరి గడియారాలకి ఓక్, 17వ శతాబ్దం చివర్లో లండన్ ధనవంతుల గడియారాలకి వాల్‌నట్ పొరలు, నల్లటి ఎబొనీ పొరలు, పూల మార్కెట్రీ (రంగురంగుల చెక్క ముక్కలు పొదిగిన పని). మహాగని ఎక్కువగా కనిపించేది 1750 తర్వాతే. మెషిన్ 1710 నాటిది, పెట్టె ఎర్రటి మహాగని అన్నారంటే నోరు మూసుకుని ఒక చిరునవ్వు నవ్వండి చాలు. అడుగుభాగం కూడా వంగి చూడండి. తడి నేల మీద నిలబడి కుళ్లిపోవడం, పురుగు తినడం, కోసి పొట్టి చేయడం, అన్నీ అక్కడే జరుగుతాయి. బెజ్జాల కింద సన్నటి తెల్లపొడి రాలి ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. మీ ఇంట్లో మిగతా ఫర్నిచర్‌ని తలుచుకోండి.

రెండో పని: మెషిన్

డయల్‌లో కీ ఇచ్చే రంధ్రాలు రెండుంటే ఎనిమిది రోజుల గడియారం: ఒకటి నడవడానికి, ఒకటి గంట కొట్టడానికి. రంధ్రాలే లేకపోతే ముప్ఫై గంటలది, లోపల గొలుసో తాడో లాగి రోజూ ఎక్కించాలి. కొన్ని ముప్ఫై గంటల గడియారాలకి డయల్ మీద ఉత్తుత్తి రంధ్రాలు పెట్టేవాళ్లు, ఇంటికొచ్చినవాళ్లు ఎనిమిది రోజులదనుకోవాలని. పరువు కోసం పడే తాపత్రయం మనకొక్కళ్లకే లేదు.

గంట కొట్టే విధానం రెండు రకాలు. పాతదాంట్లో గాట్లున్న చక్రం ఒకటి వరసగా ఒకటి, రెండు, మూడు అని కొట్టుకుంటూ పోతుంది, ముల్లు ఎక్కడుందో దానికి పట్టదు, ఒకసారి తప్పితే మూడింటికి ఏడు కొడుతుంది. 1676లో ఎడ్వర్డ్ బార్లో కనిపెట్టిన ర్యాక్ (పళ్లున్న కడ్డీ) పద్ధతిలో ముల్లు చోటుని బట్టే కొడుతుంది కాబట్టి లెక్క తప్పదు. ఎనిమిది రోజుల గడియారాలన్నీ క్రమంగా ర్యాక్‌కి మారాయి, ముప్ఫై గంటలవి చాలావరకు పాత చక్రంతోనే ఉండిపోయాయి.

మెషిన్ ముందు పలకలో, డయల్ కాళ్లు దిగే చోట వాడని రంధ్రాలుంటే డయల్ మార్చారు. డయల్‌కి, మెషిన్‌కి మధ్య పోత ఇనుప చట్రం ఒకటి కనిపిస్తే భయపడకండి, అది ఫాల్స్‌ప్లేట్. తెల్లరంగు వేసిన డయల్ ఏ మెషిన్‌కైనా సరిపోయేలా బర్మింగ్‌హామ్ వాళ్లు అమర్చి పంపేది. దానిమీద ఆస్‌బోర్న్, విల్సన్, ఫినెమోర్ లాంటి పేర్లు పోతపోసి ఉంటాయి. అవి డయల్ చేసినవాళ్ల పేర్లు, గడియారం చేసినవాళ్లవి కావు. ఆ ఆస్‌బోర్న్, విల్సన్ ఇద్దరూ కలిసి తెల్ల డయల్స్ చేస్తున్నామని ప్రకటించింది 1772లో. కాబట్టి తెల్ల డయల్ గడియారాన్ని 1750 నాటిదన్నారంటే ఆ డయల్ తర్వాత వచ్చి చేరిందనే లెక్క.

మూడో పని: డయల్‌తో కాలం లెక్కకట్టడం

టేపు తీసి వెడల్పు కొలవండి. మొట్టమొదటివి చదరంగా ఎనిమిది, తొమ్మిది అంగుళాలు. 1680, 90ల్లో పది, ఆ తర్వాత పదకొండు, 18వ శతాబ్దం సాగేకొద్దీ పన్నెండు. ఉత్తరాదిన 19వ శతాబ్దంలో పదమూడు, పద్నాలుగుకి కూడా పోయాయి, పెట్టెలూ బొద్దుగా అయ్యాయి. పైన గుండ్రటి ఆర్చ్ 1715-20 నుంచి. ఉత్తరాదివి తప్ప మిగతావన్నీ లండన్ లెక్కలు, పల్లెల్లో ఇరవై ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా నడుస్తాయి.

ఇత్తడి డయల్ అయితే వెనక వైపు చూడండి. పాత ఇత్తడిని పోతపోసి సుత్తితో కొట్టి పలచన చేసేవాళ్లు, అందుకే వెనకాల ఎగుడుదిగుళ్లు, పోత బెజ్జాలు కనిపిస్తాయి. అద్దంలా నున్నగా, అంతటా ఒకే మందంలో ఉంటే అనుమానించాలి. రిపేర్ చేసినవాళ్లు తమ పేరు, తేదీ సూదిమొనతో గీసి పెట్టేది కూడా అక్కడే. నాకు గడియారంలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ గీతలే.

ఒకే ముల్లున్న గడియారం కనబడితే వదలకండి. పల్లెటూరి రైతుకి నిమిషాలతో పనిలేదు కాబట్టి అంకెల వలయం లోపలి అంచున పావుగంటల గీతలు మాత్రమే ఉంటాయి. అదే వలయం మీద నిమిషాల గీతలు లేకుండా రెండు ముళ్లు తిరుగుతుంటే, తర్వాత ఎవరో మార్చారు.

తెల్ల డయల్స్‌లో మూలల బొమ్మలు చూస్తే చాలు. మొదటివాటికి చిన్న పూలు, స్ట్రాబెర్రీలు, బంగారు తీగలు, చాలా తెల్లటి ఖాళీ. 1800 ఆ చుట్టుపక్కల విసనకర్రలు, గవ్వల్లాంటివి. 1830 దాటాక నాలుగు మూలలూ నిండిపోతాయి, నాలుగు రుతువులు, నాలుగు ఖండాలు అంటూ. ముళ్లు మొదట్లో ఉక్కువి, తర్వాత అచ్చు కొట్టిన ఇత్తడివి. ఆర్చ్‌లో చంద్రుడు తిరుగుతుంటే అందం సరే, లెక్క కూడా బాగుంటుంది: బిళ్ల మీద చంద్రుళ్లు ఇద్దరు, చుట్టూ 118 పళ్లు, పన్నెండు గంటలకో పన్ను జరుగుతుంది, అంటే 59 రోజులకి రెండు చాంద్రమాసాలు.

ఇప్పుడు పేరు చదవండి

ఇంతవరకు చూసింది "ఇది 1790 దగ్గర ఉత్తరాది గడియారం" అని చెప్పిందనుకోండి, పేరు దానితో కలుస్తుందా లేదా అన్నదే ప్రశ్న. కలవకపోతే పేరునే అనుమానించండి. తెల్ల డయల్ మీద పేరు సులువుగా చెరిగిపోతుంది, మళ్లీ సులువుగానే రాస్తారు. నిమిషాల గీతలు వెలిసిపోయి ఉంటే, పేరు మాత్రం నల్లగా నిగనిగలాడుతుంటే అది నిన్నమొన్నటి చేతిరాత.

పేరు నిజమైనదే అయినా, దాని అర్థం కాలాన్ని బట్టి మారుతుంది. 1631లో రాజు చార్లెస్ I అధికారపత్రం ఇచ్చిన లండన్ క్లాక్‌మేకర్ల సంఘంలో, ఏడేళ్లు శిష్యరికం చేసి పైకొచ్చినవాడి పేరంటే అతని వర్క్‌షాప్‌లో తయారైన వస్తువు. థామస్ టాంపియన్ (1639-1713) తన గడియారాలకి నంబర్లు వేసేవాడు. కొన్నేళ్లు ఎడ్వర్డ్ బ్యాంగర్ పేరు, ఆఖర్న జార్జ్ గ్రాహం పేరు పక్కన చేరాయి, ఆ జంటని బట్టే కాలం చెప్పొచ్చు. టాంపియన్, గ్రాహం ఇద్దరినీ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఒకే సమాధిలో పెట్టారు. జోసెఫ్ నిబ్, ఎడ్వర్డ్ ఈస్ట్, డేనియల్ క్వేర్ ఇవన్నీ ఆ స్థాయి పేర్లు, నకిలీలు వచ్చిన పేర్లు. ఊరి వేలంలో మీకు దొరకవు, దొరికాయంటే నిపుణుడిని పిలవాల్సిన సమయం అది. తర్వాత ఓడల గడియారాలతో పేరు తెచ్చుకున్న జాన్ హారిసన్ కూడా మొదలుపెట్టింది ఇలాంటి గడియారాలతోనే, బారో అనే పల్లెలో వడ్రంగి పని చేస్తూ 1713లో చెక్క చక్రాలతో ఒకటి చేశాడు.

1800 దాటిన తర్వాతి పేరు మాత్రం ఎక్కువగా కొట్టువాడిదే. చక్రాలు లాంకషైర్‌వి, డయల్ బర్మింగ్‌హామ్‌ది, పెట్టె ఊరి వడ్రంగిది, కూర్చి బిగించి అమ్మినవాడి పేరు పైన. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకీ బొమ్మ బయటికొచ్చి కొడితే జనం గుమిగూడి చూసే ఆ మ్యూజికల్ క్లాక్ లాంగ్‌కేస్ కాదు గానీ, కథ అదే: అమ్మింది కలకత్తా కుక్ అండ్ కెల్వీ, యంత్రం ఇంగ్లండ్‌ది. అలాగని ఈ పేర్లు దండగ కాదు. ఊరి పేరు ఉంటుంది కాబట్టి ఆ ఊరి రికార్డుల్లో వెతకొచ్చు, పేరులేని లండన్ గడియారం కన్నా నాకు ఇదే ఎక్కువ సరదా. లెస్టర్ దగ్గరున్నవాళ్లు న్యూఆర్క్ హౌసెస్ మ్యూజియంకి వెళ్లండి, శామ్యూల్ డీకన్ అనే పల్లెటూరి గడియారాలాయన వర్క్‌షాప్ అక్కడ ఉంది.

నాలుగో పని: విప్పి ఇంటికి తేవడం

వరస తప్పకూడదు. హుడ్ తీయండి. బరువులు దించండి. వాటిని తీయగానే తాళ్లు డ్రమ్ముల మీంచి వదులై చిక్కుపడతాయి, కాబట్టి రెండో మనిషిని తాళ్లు బిగువుగా పట్టుకోమనండి. తర్వాత లోలకం: పైన సన్నటి స్ప్రింగు రేకుతో వేలాడుతుంది, కొంచెం ఎత్తి గాట్లోంచి తప్పించి జాగ్రత్తగా కిందికి. ఆ రేకు మడత పడితే గడియారం నడవదు. చివరికి మెషిన్‌ని సీట్‌బోర్డ్‌తో సహా ఎత్తండి. ఎడమ బరువు, కుడి బరువు గుర్తు పెట్టుకోండి. నిలబెట్టిన గడియారాన్ని నిలబెట్టినట్టే వ్యాన్ ఎక్కించిన ఒక మహానుభావుడిని నేను చూశాను, ఆ తర్వాత జరిగింది రాయబుద్ధి కావట్లేదు.

ఐదో పని: నిలబెట్టడం, టిక్‌టాక్ సరిచేయడం

పెట్టెని గోడకి స్క్రూతో బిగించాలి. పాత పెట్టె వెనక చెక్కకి బెజ్జం కొట్టడమేంటని బాధపడకండి, అక్కడ ఇప్పటికే నాలుగైదు ఉంటాయి. ఇంగ్లండ్ ఇళ్లలో చెక్క నేల, దాని మీద కార్పెట్, పెట్టె కాస్త ఊగుతుంది. ఊగే పెట్టెలో లోలకం బలం పోతుంది. ఆదివారం కీ ఇస్తే గురువారమో శుక్రవారమో ఆగిపోతోంది అని చాలామంది అంటారు. దెయ్యం లేదు, ఏం లేదు. అప్పటికి బరువులు దిగి లోలకం గుండు ఎత్తుకి వస్తాయి, పెట్టె కదులుతుంటే అవి కూడా దానితో ఊగడం మొదలుపెట్టి దాని శక్తి లాగేస్తాయి. గోడకి బిగిస్తే రోగం కుదురుతుంది.

ఇక చెవి పెట్టి వినండి. టిక్... టాక్... టిక్... టాక్, మధ్య విరామాలు సమానంగా ఉండాలి. టిక్‌టాక్... టిక్‌టాక్ అని కుంటుతుంటే కొద్దిసేపట్లో ఆగిపోతుంది. మెషిన్ వెనక నుంచి దిగి లోలకాన్ని తోసే కడ్డీ ఉంటుంది, దాన్ని క్రచ్ అంటారు. లోలకాన్ని మెల్లగా చేత్తో ఎడమకీ కుడికీ జరిపి, ఏ వైపు తక్కువ దూరంలోనే టిక్ వస్తోందో గమనించండి. క్రచ్‌ని ఆ వైపుకే రవ్వంత వంచాలి. పై భాగాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో వంచండి, లేకపోతే మెషిన్ మీద బలం పడుతుంది. వంచి, విని, మళ్లీ వంచి, అరగంట పట్టినా పరవాలేదు. పెట్టె కింద అట్టముక్కలు పెట్టి గడియారాన్నే వంకరగా నిలబెట్టేవాళ్లున్నారు, నేను చూడలేను.

కీ ఇచ్చేటప్పుడు రెండు వైపులా ఇవ్వండి. గంట గోల ఎందుకని దానికి ఒక్కదానికి ఇవ్వడం మానేస్తే ర్యాక్ గడియారం పన్నెండు దాటి ఒంటిగంట దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కుని ఆగిపోవచ్చు. టైమ్ మార్చాలంటే ముల్లుని ముందుకే తిప్పండి, ప్రతి గంటా కొట్టనివ్వండి. పెట్టె అడుగున పాత దుప్పటి ఒకటి మడిచి వేయండి, ఎప్పుడో ఒకరోజు తాడు తెగితే ఆరు కిలోల సీసం అడుగు చెక్కలోంచి దూసుకుపోకుండా.

నూనె సంగతి: గడియారాల నూనె, సూదిమొన మీద నిలిచేంత, ఇరుసులు తిరిగే రంధ్రాల్లో మాత్రమే. చక్రాల పళ్లకి వద్దు. స్ప్రే డబ్బాలు వద్దు, కొబ్బరినూనె అసలే వద్దు. నలుపెక్కిన పాత నూనె ఉంటే దానిమీద కొత్తది వేయకుండా విప్పి శుభ్రం చేయించాలి.

హైదరాబాద్‌కి తెచ్చుకుంటే

లండన్‌లో సరిగ్గా నడిచిన గడియారం హైదరాబాద్‌లో రోజుకి సుమారు రెండు నిమిషాలు వెనకబడుతుంది. పాడైందనుకుని రిపేర్‌కి ఇవ్వకండి. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ గురుత్వాకర్షణ కొంచెం తగ్గుతుంది, లోలకం నెమ్మదిస్తుంది. 1672లో ఫ్రాన్స్ నుంచి జాన్ రిషే దక్షిణ అమెరికాలోని కయెన్‌కి గడియారం తీసుకెళ్తే అక్కడ రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడి, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే తలపట్టుకున్నారు. ఇది కాక ఎండాకాలంలో ఉక్కు కడ్డీ సాగి, పది డిగ్రీల వేడికి రోజుకి ఇంకో ఐదు సెకన్లు పోతాయి.

మందు లోలకం గుండు కింద ఉన్న నట్టులో ఉంది. గుండుని ఒక మిల్లీమీటరు పైకి జరిపితే రోజుకి సుమారు 43 సెకన్లు వేగం పెరుగుతుంది, అంటే లండన్ నుంచి వచ్చినదానికి మూడు మిల్లీమీటర్లు. నట్టు తిప్పేటప్పుడు లోలకాన్ని ఆపి, గుండుని చేత్తో పట్టుకుని తిప్పండి, స్ప్రింగు రేకు మెలిపడకుండా. రోజూ ఒకే టైమ్‌కి ఫోన్‌తో పోల్చి కాగితం మీద రాసుకోండి, మూడు రోజులకోసారే నట్టు ముట్టుకోండి. రోజుకి పది పదిహేను సెకన్ల తేడాకి వచ్చిందా, ఆ కాగితాన్ని తలుపు లోపలి వైపు అంటించి నట్టుని వదిలేయండి.